బీరువా మేస్త్రీకి బరువు నిషేధం

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది. కానీ ఇళ్ళు మారేవాళ్ళ సామాను మోసే పనిలోకి దిగిన కొత్తలో, ఇద్దరు మనుషులు ఆపసోపాలు పడే ఇనప బీరువాని వీపుకి కట్టుకుని ఒక్కడే మూడో అంతస్తుకి ఎక్కించాడు. ఆ రోజుతో ఆ పేరు కాస్తా గాల్లో కలిసిపోయింది. అప్పట్నుంచీ ఆయన బీరువా మేస్త్రీ. బ్యాంకులో అసలు పేరుతో పిలిస్తే ఎవర్నో అనుకుని ఈయన కూడా పక్కవాళ్ళ మొహాలు చూస్తాడు.

భార్య మాత్రం ఆయన్ని మేస్త్రీ అనదు, బీరువా అనదు. "ఏమయ్యా" అంటుంది. భోజనానికి రమ్మన్నా అదే మాట, వాన పడేలా ఉంది లారీ మీద పట్టా కప్పమన్నా అదే మాట, నీకు బుద్ధీ జ్ఞానం ఉన్నాయా అన్నా అదే మాట. గొంతు ఎత్తునిబట్టి ఏదో ఆయనే గ్రహించుకోవాలి. ఇన్నేళ్ళ కాపురంలో పెద్దగా పొరపడిందీ లేదు.

ఇద్దరిదీ ఒకటే పని, చెరో సగం. ఆయన ఎత్తుతాడు, ఆవిడ కడుతుంది. గాజు గ్లాసులు, పింగాణీ కప్పులు, నిలువుటద్దాలు, ఎవరో తాతగారి గోడగడియారం, ఏదైనా సరే, ఆవిడ పాత పేపర్లు, దుప్పట్లు ముందేసుకుని కూర్చుని పసిపిల్లకి స్నానం చేయించి గుడ్డ చుట్టినట్టు చుట్టి అట్టపెట్టెలో పెడుతుంది. ఆవిడ చుట్టిన కప్పుకి చెవి ఊడిన దాఖలా లేదు. ఆయన పట్టుకున్న సామాను నేల రాలిన దాఖలా లేదు. వాళ్ళకి బోర్డూ లేదు, ప్రకటనలూ లేవు. ఈ రెండు సంగతులే ఊరంతా చెప్పుకుని వాళ్ళకి పని తెచ్చిపెట్టేవి. కొత్తగా చేరిన ప్రతి మనిషికీ మేస్త్రీ మొదటి రోజే ఒక మాట చెప్పేవాడు: "చెయ్యి నొప్పెడితే ఏడువు, కానీ పట్టుకున్నది వదలకు." ఆఖరికి సొంత అల్లుడు పనిలో చేరినప్పుడు కూడా పెళ్ళికొడుకని చూడకుండా అదే పాఠం చెప్పాడు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన మొహం వెలిగిపోయేది. పక్కనే ఉన్న ఆవిడకి లోలోపల భలే గర్వంగా ఉండేది కూడా, పైకి మాత్రం "ఇక చాల్లే" అనేది.

గుండె సంగతి ముందు కనిపెట్టిందీ ఆవిడే. అదెలాగంటే, మేస్త్రీకి ఉన్నట్టుండి ప్రకృతి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. మొదటి అంతస్తు మలుపు దగ్గర సామాను గోడకి ఆనించి, కిటికీలోంచి చూస్తూ "ఇక్కణ్ణుంచి ఊరు ఎంత బావుందే" అనేవాడు. రెండో మలుపులో మళ్ళీ అదే మాట. ఆ కిటికీలోంచి చూస్తే అవతలి మేడ నీళ్ళ గొట్టాలు తప్ప ఇంకేమీ కనపడవు. ముప్పై ఏళ్ళుగా మెట్లెక్కుతూ ఏనాడూ కిటికీ వంక చూడని మనిషి ఇప్పుడు నీళ్ళ గొట్టాలు చూసి మురిసిపోవడమేమిటని ఆవిడకి అనుమానం వచ్చింది. దగ్గరికి వెళ్ళి చూస్తే నుదుటి నిండా చెమట, ఎడమ చెయ్యి జబ్బ పిసుక్కుంటున్నాడు.

"ఏమయ్యా!"

"ఏం లేదే, కాస్త గ్యాసు."

"గ్యాసైతే పొట్ట పిసుక్కుంటారు, జబ్బ కాదు. నడు డాక్టరు దగ్గరికి."

పరీక్షలన్నీ చేశారు. గుండెకి రక్తం అందించే గొట్టాలు మూడుచోట్ల మూసుకుపోయాయని తేలింది. ఆపరేషన్ తప్పదన్నారు. గుండె సర్జన్ చిన్న వయసావిడ, ఓపిక గల మనిషి. బొమ్మ గీసి చూపించింది. ఛాతీ మధ్యలో ఎముకని నిలువుగా కోసి తెరుస్తారట. కాలిలోంచి ఒక నరం తీసి, మూసుకుపోయిన చోట్లకి పక్క దారులు కుడతారట. తర్వాత ఎముకని తీగలతో కట్టేస్తారట.

మేస్త్రీ బొమ్మని శ్రద్ధగా చూశాడు. "అంటే కాలి దగ్గర ఉన్నదాన్ని గుండె దగ్గరికి షిఫ్టింగ్ చేస్తారన్నమాట."

"అంతే అనుకోండి."

"దార్లో ఏం దెబ్బ తగలదు కదా?"

"మా వాళ్ళు బాగానే మోస్తారు లెండి," అని సర్జన్ నవ్వేసింది. తర్వాత నవ్వు ఆపి చెప్పింది. "అసలు కష్టం ఆపరేషన్ కాదు, ఆ తర్వాతది. ఎముక అతుక్కోవడానికి మూడు నెలలు. అప్పటిదాకా మీరు బరువు ఎత్తకూడదు, తొయ్యకూడదు, లాగకూడదు. ఒక్కసారి ఎముక విడిపోయిందంటే మళ్ళీ కోసి కట్టాలి. అందులో చీము పట్టిందంటే ప్రాణం మీదికి వస్తుంది."

"బరువంటే ఎంత బరువమ్మా?"

"టీ కెటిల్ దాకా పర్వాలేదు."

మేస్త్రీ మొహం చూసి తీరాలి. ఆయన దృష్టిలో సోఫా అంటేనే తేలిక సామాను. "నిండు కెటిలా, ఖాళీదా?" అని అడిగాడు. సగం నిండింది అని సర్జన్ తీర్పు చెప్పింది.

ఆపరేషన్‌కి పదిరోజుల గడువు ఇచ్చారు. ఆ లోపల చేయాల్సిన పనులు చాలానే ఉన్నాయి. పుచ్చుపన్ను ఉంటే ముందే చూపించుకోవాలట, నోట్లోంచి క్రిములు రక్తంలోకి పోకుండా. రక్తం పలచబడే మాత్ర ఏ రోజు మానాలో చెప్పారు. గొట్టంలోంచి గాలి పీలిస్తే లోపల బంతులు పైకి లేచే ప్లాస్టిక్ పరికరం ఒకటిచ్చి, ఊపిరితిత్తులకి ఇప్పట్నుంచే కసరత్తు చేయించమన్నారు. మేస్త్రీ మొదటి పూటే బంతులన్నీ ఒక్క గుక్కలో పైకెత్తేసి, "చూశావా, ఇదైనా ఎత్తనిచ్చారు" అన్నాడు. ఇల్లు కూడా సర్దుకోమన్నారు. మంచం ముందు గదిలో ఉండాలి. రోజూ వాడేవన్నీ నడుముకీ భుజానికీ మధ్య ఎత్తులో ఉండాలి, వంగకుండా, చేతులు చాచకుండా అందాలి. కూర్చునే కుర్చీకి చేతులుండాలి. కాళ్ళకి అడ్డం పడేవేవీ నేలమీద ఉండకూడదు.

ఈ ఆఖరి సలహా దగ్గరే కొంప మునిగింది. ఇల్లు సర్దుకోమని డాక్టర్లు చెప్పే మాటని మామూలు రోగి సలహాగా వింటాడు. మేస్త్రీ దాన్ని ఆర్డరుగా విన్నాడు.

ఆవిడ ముందే మాట తీసుకుంది. "చూడు, ఇంట్లో పుల్ల కూడా కదపొద్దు. ఆదివారం అల్లుడొచ్చి అంతా జరుపుతాడు. మాటివ్వు." ఆయన ఇచ్చాడు. మొహం గంభీరంగా పెట్టి మరీ ఇచ్చాడు. ఆ ధైర్యంతో ఆవిడ ఒక పూట పనికి వెళ్ళింది. సంగీతం పంతులమ్మ ఒకావిడ ఇల్లు మారుతోంది, బోలెడు గాజు సామాను ఉంది, వేరేవాళ్ళ చేత కట్టించనని మంకుపట్టు పట్టింది.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి వీధి తలుపు సగమే తెరుచుకుంది. మిగతా సగంలో బీరువా ఉంది. వెనక గదిలో ఉండాల్సిన బీరువా. ఆ సందులోంచి ఆవిడ పక్కకి తిరిగి లోపలికి దూరింది. మంచం ముందు గదిలోకి వచ్చేసింది, టీవీ బల్ల గోడ మారింది, వంటింటి డబ్బాలన్నీ సరిగ్గా నడుముకీ భుజానికీ మధ్య వరసగా కొలువు తీరాయి. వీటన్నిటి మధ్యా మేస్త్రీ నేలమీద బీరువాకి ఆనుకుని కూర్చున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. పెదవుల్లో రంగు లేదు. ఆవిణ్ణి చూసి నవ్వబోయాడు.

"ఇదొక్కటే మిగిలిందే... ఇక నీకు వీలుగా ఉంటుంది..."

ఆవిడ కేక పెట్టలేదు, తిట్టలేదు. నాలుక కింద పెట్టాల్సిన మాత్ర తీసి పెట్టింది. అంబులెన్సుకి ఫోన్ చేసింది. అంబులెన్సు వచ్చింది గానీ, బీరువా అడ్డం ఉండటంతో స్ట్రెచర్ వీధి తలుపులోంచి లోపలికి రాలేదు. పెరటి వైపు తిప్పి, పక్కింటివాళ్ళ ప్రహరీ దగ్గర్నుంచి బయటికి తీశారు. ఊరందరి బీరువాలూ దార్లోంచి తప్పించిన మనిషి, సొంత బీరువా అడ్డం పెట్టుకుని దొడ్డిదారిన ఆసుపత్రికి బయల్దేరాడు. స్ట్రెచర్ మీద ఉండి కూడా "తలవైపు వాడు మెట్టు చూసుకో" అని చెబుతూనే ఉన్నాడు.

పదిరోజుల గడువు కాస్తా మర్నాటి ఉదయం అయింది. ఒంటిమీద వెంట్రుకలు తీసేశారు, మందు సబ్బుతో స్నానం చేయించారు, ఏమీ తినొద్దన్నారు. లోపలికి తీసుకెళ్ళేముందు ఆయన భార్య చెయ్యి పట్టుకుని, "కోపంగా ఉన్నావా?" అని అడిగాడు.

"ముందు బతికి రా. కోపం దాచి ఉంచుతాను, ఎక్కడికీ పోదు."

దాచే ఉంచింది. అయిదారు గంటలు బయట బల్లమీద కూర్చుని, చేతులు ఊరికే ఉండలేక, ఎవరో వదిలేసిన పాత పేపర్లని చక్కగా మడతలు పెట్టి ఇంత ఎత్తు దొంతర చేసింది. కూతురు "అమ్మా, ఏమన్నా తిను" అంటే తినలేదు, "అమ్మా, ఏడుపొస్తే ఏడువు" అంటే ఏడవలేదు. ఆవిడ మనసులో ఒకటే తిరుగుతోంది. నాకు మాటిచ్చి తప్పాడు. నా కళ్ళలోకి చూస్తూ ఇచ్చి, నేను వీధి మలుపు తిరిగే లోపు తప్పాడు. ఇక ఈ మనిషిని నేనెలా నమ్మను? సర్జన్ బయటికి వచ్చి అంతా బాగా జరిగిందని చెప్పినప్పుడు కూడా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న "మూడు నెలలు ఈయన్ని మీ దగ్గరే ఉంచుకోవడానికి కుదరదా అమ్మా?" అని.

కుదరదన్నారు. వారం తిరక్కుండానే పంపించేశారు. ఛాతీకి గట్టిగా హత్తుకోవడానికి ఒక దిండు ఇచ్చారు, దగ్గొచ్చినా తుమ్మొచ్చినా లేవాలన్నా దాన్ని వాటేసుకోవాలి. కాలికి బిగుతు మేజోడు తొడిగారు. మెల్లగా నడిపించమన్నారు.

ఇంటి ముందు నాలుగు మెట్లున్నాయి. కారు ఆగేసరికి మేస్త్రీ మనుషులంతా బెల్టులు, దుప్పటి, చేతుల కుర్చీ పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. అందరికంటే ముందు పొడుగోడు. తాటిచెట్టంత మనిషి, మేస్త్రీ చేతికింద పని నేర్చినవాడు.

"నేనేమన్నా ఫ్రిజ్జునట్రా? నడుస్తాను," అన్నాడు మేస్త్రీ.

"నువ్వు కూర్చో అన్నా. వదిన ఆర్డరు."

కుర్చీలో కూర్చోబెట్టి బెల్టు కట్టి ఎత్తారు. ఎత్తగానే ఆయన మొదలుపెట్టాడు. "ఎడంవైపు కాస్త దించు. అల్లుడూ, మోకాలు వంచు, నడుం కాదు. మలుపు, మలుపు చూడు..."

"అన్నా, సామాను మాట్లాడకూడదు," అన్నాడు పొడుగోడు. అందరూ ఒకటే నవ్వు. మేస్త్రీ కూడా నవ్వబోయి, ఛాతీ కలుక్కుమని, దిండు వాటేసుకుని కళ్ళు మూసుకున్నాడు. మెట్లు మెల్లగా ఎక్కించొచ్చు, నడిస్తేనే మంచిదని ఆసుపత్రివాళ్ళు చెప్పిన సంగతి తర్వాత కూతురు గుర్తుచేస్తేగానీ ఎవరికీ తట్టలేదు. మోయడం వచ్చినవాళ్ళకి ఇంకేం తడుతుంది!

అక్కణ్ణుంచి ఆవిడ రాజ్యం మొదలైంది. రెండు పక్కలా దుప్పట్లు చుట్టలు చుట్టి పెట్టి, పక్కకి ఒత్తిగిలకుండా ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టింది. అచ్చం పూలకుండీని పెట్టెలో సర్దినట్టే. స్నానం స్టూలు మీద, గోరువెచ్చటి నీళ్ళు ఆవిడే పోయాలి. చొక్కాలన్నీ ముందు గుండీలవే. తలుపు గడియ ఆవిడే తీయాలి. బకెట్లో నీళ్ళు ఆయన ఎత్తుతాడేమోనని బకెట్లు మంచం కింద దాచింది. బీరువాని అల్లుడు వెనక గదిలోకి తోసేశాడు, ఆవిడ ఆ గదికి తాళం వేసి తాళంచెవి కొంగున కట్టుకుంది. "బీరువా పారిపోతుందనా?" అని మేస్త్రీ అడిగితే, "నువ్వు దాని దగ్గరికి పారిపోతావని" అంది.

పనికి పూర్తిగా సెలవు పెట్టేసింది. పగలు నిద్రపోదు. ఆయన కునుకు తీస్తున్నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఆవిడ ఒక్క నిమిషం కళ్ళు మూస్తే చాలు, లేచి ఏ మంచమో జరుపుతాడని భయం. పక్కింటావిడ "కాసేపు నువ్వు పడుకో, నేను చూస్తాలే" అంటే, "ఆయన సంగతి నీకు తెలీదు" అనేది. కళ్ళ కింద నల్లటి చారలు వచ్చేశాయి. మొగుడు మనిషవుతున్నాడు, పెళ్ళాం సగమవుతోంది.

ఒక మధ్యాహ్నం ఆయన బిస్కెట్ల డబ్బా మూత తిప్పబోయాడు. రాలేదు. ఇంకాస్త గట్టిగా తిప్పబోయి, ఛాతీ లాగి, ఆపేశాడు. డబ్బా బల్లమీద పెట్టేసి, దాన్నే చూస్తూ కూర్చుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆవిడ కంగారుపడి ఆసుపత్రికి ఫోన్ చేస్తే, ఈ ఆపరేషన్ తర్వాత ఇలా మనసు దిగజారడం చాలామందికి ఉంటుందనీ, మాట్లాడించమనీ, నడిపించమనీ చెప్పారు.

ఆవిడ మూత తీసి డబ్బా ఆయన ముందు పెట్టింది. "ఏమయ్యా, బిస్కెట్ల కోసం ఏడుస్తారా ఎవరైనా?"

"బిస్కెట్ల కోసం కాదే. నేనిక దేనికి పనికొస్తాను? ఎత్తడం తప్ప నాకేమొచ్చు?"

మాట తప్పినవాడి మీద కోపం ఒక పక్క, ఇలా ఏడుస్తున్నవాడి మీద జాలి ఒక పక్క. ఒక బిస్కెట్టు విరిచి సగం ఆయన చేతిలో పెట్టి, సగం తను తింది. ఆ రోజునుంచి నడక ఎక్కువ చేసింది. ముందు వీధి దీపం దాకా, తర్వాత కిరాణా కొట్టు దాకా, ఆ తర్వాత బస్టాపు చుట్టూ. ఆయన ముందు నడిచేవాడు, ఆవిడ వెనక నడుస్తూ ఆయన చేతులనే చూసేది. దారిలో ఎవరన్నా తోపుడుబండి ఎక్కలేక అవస్థపడుతుంటే మేస్త్రీ భుజం దానంతటదే అటు వాలేది. "ఏమయ్యా!" అనేది ఆవిడ. భుజం మళ్ళీ లేచేది.

ఇలా రెండు నెలలు గడిచాక ఎక్స్‌రే తీశారు. ఎముక అతుక్కుంటోంది, పూర్తిగా కాదు, ఇంకో నెల చాలా జాగ్రత్తగా ఉండాలన్నారు. సర్జన్ మేస్త్రీ వంక చూసి "ఏమీ ఎత్తడం లేదుగా?" అంది. "లేదమ్మా" అన్నాడాయన. సర్జన్ ఆవిడ వంక చూసింది. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనం ఆయనకి తగిలినట్టుంది. ఇంటికొచ్చాక "నిజంగానే ఎత్తడం లేదే" అన్నాడు. "సరేలే" అంది ఆవిడ. నమ్మినట్టు లేదు ఆ "సరేలే". ఎలా నమ్ముతుంది? ఆయన ఇచ్చిన మాట వీధి తలుపుకి అడ్డంగా నిలబడటం ఆవిడ కళ్ళారా చూసింది.

ఆ మర్నాడు అల్లుడు వచ్చి కాళ్ళావేళ్ళా పడ్డాడు. పళ్ళ డాక్టరమ్మ ఒకావిడ నాలుగంతస్తుల మేడలోకి మారుతోంది. వాళ్ళ నాయనమ్మ నాటి చెక్క అల్మరా ఉంది, తలుపు నిండా అద్దం. లిఫ్టులో పట్టదు, మెట్లమీదే ఎక్కించాలి. "అత్తయ్యా, అద్దం మీరు కట్టకపోతే నాకు ధైర్యం చాలదు."

ఆవిడకి పెద్ద చిక్కొచ్చిపడింది. ఆయన్ని ఇంట్లో ఒంటరిగా వదలడం వల్లకాదు. చివరికి వెంటబెట్టుకునే వెళ్ళింది. దుప్పట్లతో, అట్టలతో అద్దాన్ని మూడు పొరలు చుట్టి తాడు బిగించింది. మేడ కింద మెట్ల దగ్గర ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించి, "ఇక్కడ కూర్చుని చూడటమే. మాట సాయం తప్ప ఇంకోటి వద్దు" అని ఆయన్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళ సీసా పట్టుకుని పక్కనే నిలబడింది.

మొదలుపెట్టడం బాగానే మొదలుపెట్టారు. పైన పొడుగోడు బెల్టుతో లాగుతున్నాడు. కింద అల్లుడు భుజం ఆనించి ఎత్తుతున్నాడు. సగం మెట్లెక్కాక ఒక చదరం వస్తుంది, అక్కడ వెనక్కి మళ్ళి మిగతా సగం ఎక్కాలి. ఆ మలుపు తిప్పేదాకా మేస్త్రీ కుర్చీలో కుదురుగానే ఉన్నాడు. తిప్పాక అల్మరా కనపడకుండా పోయేసరికి మెల్లగా లేచి, చదరానికి రెండు మెట్లు కిందదాకా ఎక్కి నిలబడ్డాడు. ఆవిడ గమనించి వెంట వెళ్ళబోతోంది.

అప్పుడు పైన బెల్టు కొక్కెం ఊడింది.

పొడుగోడు వెనక్కి పడ్డాడు. అల్మరా బరువంతా ఒక్కసారిగా అల్లుడి మీదికి వచ్చింది. అతను ఒక కాలు చదరం మీద, ఒక కాలు పై మెట్టు మీద పెట్టి, చెంప చెక్కకి ఆనించి ఆపుతున్నాడు. నున్నటి రాయి మీద కింద కాలు అంగుళం అంగుళం జారుతోంది. వెనక గోడ. కాలు జారితే అల్మరాకీ గోడకీ మధ్య నలిగిపోతాడు.

"మావయ్యా," అన్నాడు. అంతకంటే ఊపిరి లేదు.

ఆవిడ కింది మెట్టు మీద ఉంది. మేస్త్రీ ఆ రెండు మెట్లూ ఒక్క అంగలో ఎక్కేయడం చూసింది. ఆయన కుడి భుజం కిందికి వాలడం చూసింది. ఆ వాలు ఆవిడకి బాగా తెలుసు. లారీల దగ్గర, గుమ్మాల దగ్గర, ఎన్నో మెట్ల మలుపుల్లో చూసింది. అలా వాలిందంటే మరుక్షణం ఆ భుజం సామాను కింద ఉంటుంది. "ఏమయ్యా" అని అరవాలనుకుంది. అరిచినా ఏమని? ఎత్తొద్దంటే అల్లుడు పోతాడు. ఎత్తమంటే ఈయన పోతాడు.

మేస్త్రీ చేతులు రెండూ ముందుకి చాచాడు. అల్మరాకి జానెడు దూరంలో అవి ఆగిపోయాయి. తర్వాత వాటిని వెనక్కి లాక్కున్నాడు, బలవంతంగా, ఎవరో వేరేవాళ్ళ చేతుల్ని లాగినట్టు. తన ఛాతీనే తను గట్టిగా వాటేసుకుని అరిచాడు.

"వదిలెయ్!"

అల్లుడు వదల్లేదు. "పగిలిపోతుంది మావయ్యా!"

"పగలనీ! వదిలేసి కుడి మూలకి దూకు!"

"మావయ్యా, మీరేగా వదలొద్దని..."

"నేనే చెప్పాను, నేనే చెబుతున్నాను, వదిలెయ్యరా! నువ్వు మిగిలితే చాలు!"

అల్లుడు వదిలేసి మూలకి దూకాడు. అల్మరా దడదడమని జారి గోడని గుద్దుకుంది. ఒక తలుపు ఊడి పక్కకి వాలింది. దుప్పట్ల లోపల అద్దం విరిగిన చప్పుడు మేడ మేడంతా వినపడింది. పై అంతస్తు నుంచి పళ్ళ డాక్టరమ్మ తొంగిచూసి "ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అని ముందు అదే అడిగింది. పొడుగోడు మోచెయ్యి రుద్దుకుంటూ లేదన్నాడు. అల్లుడు మూలలో కూలబడి తన చేతుల వంక చూసుకుంటున్నాడు.

మేస్త్రీ మెల్లగా మెట్టు మీద కూర్చున్నాడు. దుప్పటి చివర్లోంచి గాజుముక్క ఒకటి జారి ఆయన కాలి దగ్గర పడింది. ఆవిడ వచ్చి పక్కన కూర్చుని చొక్కా గుండీలు విప్పింది. మచ్చ మీద చెయ్యి వేసి పై నుంచి కిందిదాకా తడిమింది. ఎముక ఎక్కడిదక్కడే ఉంది. కింద గుండె గబగబా కొట్టుకుంటోంది, కానీ కొట్టుకుంటోంది.

"పగిలిందే," అన్నాడాయన. "ఇన్నేళ్ళలో మొదటిసారి. నువ్వు కట్టింది కూడా."

"పగలనీవయ్యా," అంది.

అన్నదేగానీ ఆ మాట పూర్తవలేదు. ఆపరేషన్ గది బయట రాని ఏడుపు, ఇంటి నిండా మందులవాసన నిండిన రోజుల్లో రాని ఏడుపు, అప్పుడు తన్నుకొచ్చింది. మోసేవాళ్ళు చూస్తున్నారు, డాక్టరమ్మ చూస్తోంది, ఆవిడకి పట్టలేదు. ఆయన భుజం మీద తల పెట్టుకుని బావురుమంది. మేస్త్రీ కంగారుపడి "ఏమే, నేనేం ఎత్తలేదే, నిజంగా ముట్టుకోలేదే" అని సంజాయిషీ చెప్పుకోబోయాడు.

"తెలుసు," అంది. "నేను చూశాను కదా."

ఏడుపు తీరాక కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. నీళ్ళ సీసా ఆయన చేతిలో పెట్టింది. అల్లుణ్ణి పిలిచి, "మీ మావయ్య ఇక్కడే కూర్చుని ఎలా తీయాలో చెబుతాడు. గాజంతా ఎత్తి, ఆ చెక్క జాగ్రత్తగా కిందికి దించండి. డాక్టరమ్మతో నేను రేపొచ్చి మాట్లాడతాను" అంది.

"మీరెక్కడికి అత్తయ్యా?"

"ఇంటికి. నిద్రొస్తోంది."

"ఒక్కదానివేనా? మరి నేను?" అన్నాడు మేస్త్రీ, నమ్మలేనట్టు చూస్తూ.

"పనయ్యాక నువ్వే రా. తోవ తెలుసుగా," అంటూ మెట్లు దిగింది. ఆయన చుట్టూ ఇంకా ఎక్కించాల్సిన మంచాలున్నాయి, బల్లలున్నాయి, ఒక ఫ్రిజ్జు కూడా ఉంది. ఆవిడ వాటి మధ్యలోంచే నడిచి వీధిలోకి వెళ్ళిపోయింది.

ఇంటికి చేరి, గడియ పెట్టకుండా తలుపు దగ్గరగా వేసి, మంచం మీద ఇలా వాలిందో లేదో నిద్ర పట్టేసింది. సాయంత్రం మేస్త్రీ తనంతట తను నడుచుకుంటూ వచ్చి, చెప్పులు విప్పి, కుర్చీ జరపకుండానే అందులో కూర్చున్నాడు. ఆవిడకి మెలకువ రాలేదు.